ఆవు ఎవరిది

క్లీవ్‌లాండ్ టౌన్ కాన్వెంటు మూసేస్తున్నారు.
పుస్తకానికి పన్నెండు రూపాయల లెక్కన
నంబర్లు వేసే పని నాది.
వెన్ను మీద చీటీ, చీటీ మీద అంకె.
అంకె చెప్పిన చోటే నిలబడాలి ఏ భాషైనా.

చివరికి సిస్టర్ గొబ్నెట్ గది మిగిలింది.
కమ్మనహళ్ళి తెలుగు పిల్లలు ఆవిణ్ణి
గొబ్బెమ్మా అని పిలిచేవాళ్ళట.
పలికేదట కూడా.
మంచం కింద రెండు ట్రంకులు, రెండిటి నిండా ఐరిష్.

నాలుగు వందల తొంభై ఒకటి, చుక్క, ఆరు రెండు.
అదే తొంభై ఒకటిలో, మూరెడు దూరంలో, సంస్కృతం.
నా తెలుగు తొంభై నాలుగులో, ఇంకో బీరువాలో,
కన్నడానికీ అరవానికీ పక్కన.
నమ్మబుద్ధి కాలేదు.
నోట్లో సగం సంస్కృతం పెట్టుకు తిరిగే నేను పరాయిదాన్నట,
ఎప్పుడూ వాన కురిసే దీవిలో
బంగాళదుంపలు తవ్వుకునే ముసలమ్మ
దానికి రక్తసంబంధమట.
'త్రీ' అంటే ఆవిడకీ మూడే.
గోవు అక్కడికి చేరి 'బో' అయింది.
తండ్రి మాత్రం దారిలో పకారం పారేసుకున్నాడు.
పితర్ కాస్తా 'అహిర్'.

పకారం పోవడం నాకేం కొత్త?
రోజూ తెల్లారి మా వీధిలో
నేను పాలు అడుగుతాను
మంజప్ప హాలు పోస్తాడు.
పాలలో నీళ్ళలాగే
పెదవి మీది మాటలో గాలి కలుస్తుంది.
గాలే మిగులుతుంది.
కొన్నాళ్ళకి అదీ ఉండదు.

ఒక పుస్తకంలో రాయి బొమ్మ.
రాయి అంచు వెంట గాట్లు, అంతే.
కింద మొదలుపెట్టి పైకి చదవాలట, చెట్టెక్కినట్టు.
ఫలానా వాడి కొడుకు ఫలానా వాడు,
ఎక్కి చూస్తే ఇంతకు మించి ఏమీ లేదు.
కొడుకు అనే ఆ 'మక్కి' నలిగి నలిగి 'మక్' అయ్యాడు.
సముద్రం అవతలి వెల్షు దాయాదులు వాణ్ణే 'మప్' అన్నారు.
తండ్రి పారేసుకున్న పకారం
దాయాదుల ఇంట కొడుకు నోట దొరికిందన్నమాట.
ఇల్లు రెండు వాటాలైంది.

తర్వాతెప్పుడో సన్యాసులు లాటిన్ గ్రంథాలు నకలు రాస్తూ
అర్థం కాని చోట, మార్జిన్‌లో, ఇంటిమాట గిలికారు.
పాత ఐరిష్ అలా బతికింది,
ఎవరింటి అరుగు మీదో పడుకుని.

ఇక ట్రంకు అడుగున ఒక రూళ్ళ నోటుబుక్కు.
గొబ్నెట్ నాయనమ్మకి బడిలో మెడకి కర్ర కట్టారట.
ఐరిష్ మాట జారినప్పుడల్లా కర్ర మీద గాటు,
సాయంత్రం గాటుకో దెబ్బ.
రాతి మీద పేరు నిలబెట్టిన గాటే.
మా బడిలో కర్ర లేదు.
తెలుగు మాటకి అర్ధరూపాయి.
ఏడో క్లాసులో పదకొండు రూపాయలు బాకీ పడ్డాను, ఇంకా కట్టలేదు.

పేజీ తిప్పితే తెలుగు. వంకర తెలుగు, ఒత్తులు ఎక్కడివక్కడ జారిపోతూ.
వంటింటి చెంగమ్మ కొడుకు వాచకం చూసి రాసుకున్నట్టుంది,
'వాడు పోయె: వాడు వోయె',
వకారం చుట్టూ ఎర్రగీత.
కిందే ఆవు.
అ బో, ఆమె ఆవు.
అ వో, అతని ఆవు.
అ మో, వాళ్ళ ఆవు.
ముందున్న 'అ' మారదు.
ఆవు ఎవరిదో ఆవు మూతే చెబుతుంది.
మూలన పెన్సిల్‌తో:
చెంగమ్మా, మీ మాటలకీ తల మెత్తన.

ఒక పుస్తకానికి ఒకటే నంబరు, అది రూలు.
సాయంత్రం లారీ వచ్చింది.
రెండు వందల పదిహేడు పుస్తకాలకి డబ్బు తీసుకున్నాను.
రెండు వందల పద్దెనిమిదోది నా సంచిలో ఉంది,
చీటీ లేకుండా.

బస్సులో రద్దీ. కండక్టరు కాలితో సంచిని నెట్టి
ఎవరిదిది అన్నాడు కన్నడంలో.
'నందే' అన్నాను.
'నాదే' అన్నానేమో.
ఒళ్ళోకి లాక్కున్నాను.